రైలుదారి క్రింది కంకర



నేటి నా ప్రసంగమునకు విషయము కంకర. వినుటకిది అల్పవిషయముగ తోచును. రైలు ఇంజనును గూర్చియో, కృష్ణా గోదావరులపై కట్టిన వంతెనలను గూర్చియో చెప్పినచో వినువారికి ఉత్సాహముండును; పట్టాల క్రింద పోసిన రాళ్లను గూర్చి చెప్పుట కేమున్నదని మీరు తలపవచ్చును. కాని మీ యూరి ప్రక్కగా పోవు బండి యొక్కొక్కదానిలో వేయిమందికి పైగా జనము పోవుచుందురు. వారి ప్రాణములకు ఇనుప పట్టాలే ఆధారమని లోకమనుకొనును. ఆ పట్టాలు స్లీపర్లమీదను, స్లీపర్లు కంకరమీదను, కంకర మట్టికట్టమీదను నిలిచియున్నవి. ఈ వరుసలో ఎవ్వరి కంటికిని ఆననిదియు, అందరికంటె ఎక్కువ దెబ్బలు తినునదియు కంకరయే. రైలుదారి మరమ్మతు పనిలో చిరకాలము గడపినవాడను గావున ఈ రాళ్ల కథ నాకు కొంత తెలియును. గ్రామపెద్దలైన మీకు దీనితో సంబంధమేమో తుదకు విన్నవించెదను.

మొదట కంకర చేయు పని యేదో చూతము. బురదలో బండిచక్రము దిగబడినపుడు మనమేమి చేయుదుము? చక్రము క్రింద కంపయు, రాళ్లును త్రోయుదుము. ధాన్యపు బస్తాలు పేర్చునపుడు నేలమీద దుంగలు పరతుము. బరువు ఒక్కచోట పడక పదిచోట్ల పంచబడవలెనన్నదే రెంటిలోని సూత్రము. రైలుదారి యంతయు ఈ సూత్రముమీదనే కట్టబడినది. రైలుచక్రము పట్టాను తాకుచోటు మన బొటనవ్రేలి గోరంత మాత్రమే. అచ్చట చదరపు సెంటీమీటరునకు వేల కిలోగ్రాముల ఒత్తిడి కలుగును. మట్టి దానిని ఒక్క నిమిషమైనను ఓర్వలేదు. పట్టా ఆ బరువును నాలుగైదు స్లీపర్లకు పంచును; స్లీపరు తన పొడవునను వెడల్పునను పంచును; అప్పటికి ఒత్తిడి కొద్ది కిలోగ్రాములకు దిగును. తరువాత కంకర దానిని ఇంకను వెడల్పుగ చెదరగొట్టి మట్టికట్టకు అప్పగించును. బరువు కంకరలో ఏ లోతున ఎట్లు పంచబడునో అమెరికాలో ఆర్థరు టాల్బటు అను పండితుని నాయకత్వమున 1914లో ఏర్పడిన సంఘము సంవత్సరముల తరబడి కొలిచి చూపెను. కంకర పొర మందమెంత యుండవలెనను లెక్కకు ఆ కొలతలే పునాదులైనవి. మన దేశమున ముఖ్యమార్గములందు స్లీపరు అడుగున 300 నుండి 350 మిల్లీమీటర్ల మందమున కంకర పరచుదురు. ఒక్క మీటరు దారికి సుమారు రెండు ఘనపు మీటర్ల కంకర, అనగా కిలోమీటరునకు రెండువేల ఘనపు మీటర్లు పట్టును.

రెండవ పని నీటిని పోనిచ్చుట. కంకర పొరలో నూటికి సుమారు నలువది పాళ్లు ఖాళీయే. వాన ఎంత కురిసినను ఆ సందులగుండ జారి ప్రక్క కాలువలోనికి పోవలెను. మూడవది, స్లీపర్లను కదలనీయక పట్టియుంచుట. ఇది మన ఎండదేశమునకు మిక్కిలి ముఖ్యము. పూర్వము పట్టాకు పట్టాకు నడుమ సందు విడిచెడివారు. బండి పోవునపుడు టకటక మని శబ్దము వచ్చెడిది. ఇప్పుడు పట్టాలను కిలోమీటర్ల పొడవున ఒక్కటిగ అతుకుచున్నారు. వేసవిలో ఇనుము సాగగోరును, సాగుటకు చోటుండదు. మీటరునకు 60 కిలోగ్రాములు తూగు పట్టాలో, ఒక్క డిగ్రీ వేడి పెరిగినచో, సుమారు 1.9 టన్నుల త్రోపుడు పుట్టును. పట్టాను బిగించిననాటి వేడికంటె 25 డిగ్రీలు పెరిగినచో రెండు పట్టాలలోను కలిపి 95 టన్నుల త్రోపుడన్నమాట. ఆ త్రోపుడునకు దారి పామువలె వంకరపోకుండ ఆపునది స్లీపర్ల నడుమను, చివరలను పోసిన కంకరయే. స్లీపరు చివర భుజమువలె 350 మిల్లీమీటర్లును, వంపులలో వెలుపలి ప్రక్క 500 మిల్లీమీటర్లును కంకర ఉండవలెనని నియమించుటకు కారణమిదియే. ఇక నాలుగవ పని, బండి దెబ్బకు కొంచెము దిగి మరల పైకి లేచు మెత్తదనము. కంకర సిమెంటువలె బిగిసినదియు కాదు, ఇసుకవలె జారునదియు కాదు. ఆ నడిమి గుణమే దాని విలువ.

ఇన్ని పనులు చేయవలసిన రాయి ఎట్టిదైన నేమి యని విడువరాదు. నదిలోని గులకరాళ్లు నునుపైనవి. ఒకటిమీద ఒకటి జారును. కంకరరాయికి అంచులు వాడిగ నుండవలెను. అప్పుడే రాయి రాతిని కఱచి పట్టును. పలుచని పెళ్లలు పనికిరావు, అవి అడ్డముగ విఱుగును. పరిమాణమునకు మూడు జల్లెడలు కలవు. 65 మిల్లీమీటర్ల జల్లెడమీద, అనగా బత్తాయికాయ పట్టు కన్నులుగల దానిమీద, నూటికి ఐదు పాళ్లకు మించి నిలువరాదు. 40 మిల్లీమీటర్ల జల్లెడమీద, నిమ్మకాయ యంత కన్నులుగల దానిమీద, నూటికి 40 నుండి 60 పాళ్లు నిలువవలెను. రేగుపండంత, అనగా 20 మిల్లీమీటర్ల కన్నులుగల జల్లెడమీద 98 పాళ్లకు తక్కువ నిలువరాదు. అన్నియు ఒకే పరిమాణమైనచో ఖాళీ ఎక్కువయై పట్టు తక్కువగును. పొడి కలిసినచో నీరు పోదు. ఈ రెంటి నడుమ కుదిర్చిన లెక్క యిది.

గట్టిదనమును పరీక్షించు పద్ధతులు చూడముచ్చటగ నుండును. ఇనుప పీపాయిలో ఎండిన కంకరను, 12 ఇనుప గోళములను వేసి వేయిమాఱులు త్రిప్పుదురు. తరువాత 1.7 మిల్లీమీటర్ల జల్లెడతో జల్లింతురు. పొడియై క్రిందికి దిగినది నూటికి 30 పాళ్లకు మించరాదు. రెండవ పరీక్షలో 14 కిలోగ్రాములకు దగ్గఱ తూగు సమ్మెటను 380 మిల్లీమీటర్ల ఎత్తునుండి 15 మాఱులు రాళ్లపై పడవేయుదురు. అందు నలిగి పొడియైనది 20 పాళ్లకు మించరాదు. మూడవది, రాతిని నీట నానవేసి తూచుట. రాయి త్రాగిన నీరు దాని బరువులో నూటికి ఒక పాలునకు మించరాదు. నీరు త్రాగు రాయి లోలోపల కుళ్లిన రాయి.

మన తెలుగునాట ఈ విషయమున అదృష్టమును కలదు, జాగ్రత్తయు కావలెను. తెలంగాణమున, రాయలసీమలో విస్తారముగనున్న నల్లరాయి, గ్రానైటు మంచివి. తెలంగాణమునకు పడమటి అంచున దొరకు బసాల్టు కూడ మంచిదే. తూర్పుకనుమలలో చార్నొకైటు అను గట్టిరాయియు, ఖొండలైటు అను రాయియు ప్రక్కప్రక్కనే యుండును. ఖొండలైటు ఎండకును వానకును త్వరగ చివికి ఎఱ్ఱమట్టియై పోవును. ఒకే కొండలో ఒక మూల రాయి మంచిదై, రెండవ మూలది పుచ్చినది కావచ్చును. కావున క్వారీ పేరు చూచి కాక, వచ్చిన ప్రతి రాశిని పరీక్షించియే కొలతకు ఒప్పుకొనవలెను. నేను పనిలో చేరిన కొత్తలో ఒక ముసలి గ్యాంగుమేస్త్రి రెండు రాళ్లు తీసి ఒకదానితో ఒకటి కొట్టి చెవి ఒగ్గి వినెడివాడు. కంచువలె ఖంగుమన్నది దారికి, డబ్బుమన్నది గోడకు అనెడివాడు. యంత్రపరీక్షకు అది ప్రత్యామ్నాయము కాదు. కాని ఆ చెవి యెన్నడును నాకు తప్పుగ చెప్పలేదు.

ఇక నేటి అసలు చిక్కును గూర్చి చెప్పెదను. బండ్లు బరువెక్కినవి, వేగమును పెరిగినది. మన దేశమున పెద్దదారిపై సరుకుల పెట్టె ఒక్కొక్క ఇరుసుపై చాలకాలము 20.32 టన్నులే అనుమతించెడివారు. తరువాత అది 22.9 టన్నులకు పెరిగినది. సరుకులకై వేఱుగ కట్టిన మార్గములు 25 టన్నులకు తగినట్లు కట్టబడినవి. ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతమున ఇనుపరాతి బండ్లు ఇరుసునకు 40 టన్నుల వఱకును మోయుచున్నవి. వేగమన్ననో, ఢిల్లీ ఆగ్రాల నడుమ 2016లో గంటకు 160 కిలోమీటర్ల బండి వచ్చినది. 2019లో వందే భారత్ బండ్లు మొదలైనవి. మన విజయవాడ గూడూరు మార్గమున 2022లో 130 కిలోమీటర్ల వేగమునకు అనుమతి యిచ్చిరి.

ఎనిమిదవ వంతు బరువు పెరిగినచో ఎనిమిదవ వంతు అరుగుదలయే పెరుగునని యెంచరాదు. అరుగుదల బరువుకంటె వడిగ పెరుగును. ఒక లెక్క చూడుడు. 58 పెట్టెల బొగ్గుబండికి 232 ఇరుసులు. అది పోవునపుడు ప్రతి స్లీపరును 232 దెబ్బలు తినును. దినమునకు ఇట్టి బండ్లు ఇరువది పోవు దారిలో ఒక్క సంవత్సరమున ఒక్క స్లీపరు దాదాపు 17 లక్షల దెబ్బలు తినును. రోటిలో పోటు వేసినట్లు ప్రతి దెబ్బకును రాళ్ల అంచులు కొంచెము కొంచెము రాలును. వేగము హెచ్చినకొలది ఈ దెబ్బ మఱింత తీక్ష్ణమగును. పట్టా అతుకు కొంచెము కుంగియున్నను, చక్రము ఒక ప్రక్క చదునుగ అరిగియున్నను, మెల్లగ పోవు బండికి అది చిన్న తట్టు. వడిగ పోవు బండికి సమ్మెటదెబ్బ. నేల మిక్కిలి మెత్తనైనచో వేఱొక ప్రమాదమును కలదు. 1997లో స్వీడనులోని లెడ్స్‌గార్డు అను చోట మెత్తని బంకమట్టిపై వడిగల బండ్లను నడపగా, నీటిపై పడవ వెంట అల వచ్చినట్లు నేలయే అలగా కదలెను. వేగము తగ్గించి, నేలను గట్టిపఱచవలసి వచ్చెను. మన నల్లరేగడి నేలలందు దారి వేయువారికి ఇది మంచి పాఠము.

కంకర చెడుట ఎట్లు? గాలిదుమ్ము పడుటచేతనో, క్రిందిమట్టి పైకుబుకుటచేతనో అని చూచినవారు తలంతురు. అమెరికాలో సెలిగ్, వాటర్సు అను ఇరువురు పండితులు అనేక స్థలములందు త్రవ్వి పరీక్షించి 1994లో ప్రకటించిన గ్రంథమున దీనికి లెక్క చెప్పిరి. కంకర సందులను పూడ్చిన మురికిలో నూటికి 76 పాళ్లు కంకర తానే నలిగి పొడియైనది. క్రింది పొరనుండి 13 పాళ్లు, పైనుండి పడినది 7 పాళ్లు, నేలమట్టి 3 పాళ్లు మాత్రమే. ఇది వారి దేశపు లెక్క. మన దుమ్మునేలలందును, బొగ్గు రాలు దారులందును పాళ్లు మాఱవచ్చును. కాని సారాంశము స్పష్టము. రాయి చెడ్డదైనచో దారికి శత్రువు లోపలనే కలదు. మంచిరాయికి ముందు పెట్టిన డబ్బు తరువాత మరమ్మతులలో మిగులును.

సందులు పూడినపిదప వాననీరు నిలుచును. నిలిచిన నీరు, పొడి కలిసి బురదయగును. బండి పోవునపుడు స్లీపరు దిగి లేచుచు ఆ బురదను చిమ్మనగ్రోవివలె పైకి చిమ్మును. తెల్లని బురదమరకలు కంకరపై కనబడినచో అచ్చట దారి క్రింద రోగము ముదిరినదన్న మాట. అప్పుడు స్లీపరు సమముగ ఆననందున పట్టా ఊగును. ఊగినకొలది దెబ్బ పెరుగును. దెబ్బ పెరిగినకొలది రాయి మఱింత నలుగును. ఇట్లొక దోషము మఱొక దోషమును పెంచును.

దీనికి చికిత్స రెండు విధములు. మొదటిది, కుంగిన స్లీపరు క్రిందికి కంకరను క్రమ్మి కూర్చుట. పూర్వము గ్యాంగు కూలీలు నలువురు నిలిచి బీటరు అను ఇనుపగునపముతో పాటపాడుచు కూర్చెడివారు. స్లీపరు కొయ్యదైనపుడు అది సాగెను. ఇప్పటి కాంక్రీటు స్లీపరు 280 కిలోగ్రాములకు మించి తూగును. పెద్దదారిపై కిలోమీటరునకు 1660 స్లీపర్లు. కావున యంత్రములు వచ్చినవి. ఆ యంత్రము పట్టాను పైకెత్తి, ఇనుపవ్రేళ్లను కంకరలో దింపి, వణకించుచు రాళ్లను స్లీపరు క్రిందికి నొక్కును. పని వేగముగ సాగును. కాని అందొక చిక్కు కలదు. ఆ ఇనుపవ్రేళ్లే రాళ్లను కొంత విఱుచును. కదల్చిన కంకర వదులై, దారికి ప్రక్కపట్టు తగ్గును. అందుచే కూర్చిన చోట కొంతకాలము బండ్లను మెల్లగ నడపుదురు, లేదా నేలను వణకించి కంకరను సర్దు మఱొక యంత్రమును వెనువెంట నడపుదురు. వేసవి మిట్టమధ్యాహ్నమున ఈ పని చేయరాదను కట్టుదిట్టమును దీనివలననే కలిగినది. మఱియు కంకర లోపల చెడియుండగా పైపై కూర్చినచో, కొద్ది కాలమునకే దారి మరల పూర్వపు పల్లములకే దిగును. దంతము పుచ్చినపుడు లవంగము పెట్టినట్లు అది తాత్కాలికము.

రెండవ చికిత్స, కంకరనంతటిని స్లీపర్ల క్రిందినుండి త్రవ్వి, జల్లించి, పొడిని పాఱవేసి, మంచిరాతిని మరల పోయుట. మన దేశమున పది సంవత్సరముల కొకసారియైనను ఇది జరుగవలెనని నియమము. ఇది ఖర్చుతోను, శ్రమతోను కూడినది. పని జరుగునంతసేపు బండ్లను ఆపవలెను. బండ్లు పెరిగినకొలది ఆపుటకు వ్యవధి దొరకదు. వ్యవధి దొరకనికొలది కంకర చెడును. నేటి దారిపనివారి కష్టమంతయు ఈ రెండు మాటలలో నున్నది. ఎక్కువ బండ్లు నడపుట ఒక విజయమే. కాని దారికి విశ్రాంతియు, వైద్యమును ఈయక పరుగెత్తించుట, మేత పెట్టక ఎద్దును దున్నించుట వంటిది.

ఏ చోట ఎప్పుడు జల్లించవలెనో తెలియుటకు పూర్వము గొయ్యి త్రవ్వి చూచెడివారు. నేడును అదియే తుది సాక్ష్యము. దానితోపాటు, భూమిలోనికి విద్యుత్తరంగములను పంపి, తిరిగివచ్చిన ప్రతిధ్వనినిబట్టి మంచి కంకర ఎంత లోతున్నది, నీరెక్కడ నిలిచినది తెలిసికొను రాడారు పనిముట్లు వచ్చినవి. దారి ఎగుడుదిగుడులను పరుగుమీదనే వ్రాసిపెట్టు పెట్టెలును కలవు. ఒకేచోట దోషము మాటిమాటికి కనబడినచో, పట్టాను కాదు, దాని అడుగును చూడుమని అనుభవము చెప్పును.

ఇంత బాధయున్నప్పుడు కంకరనే మానరాదా యని మీరడుగవచ్చును. కొన్ని దేశములు మానుచున్నవి. ముంబాయి అహమ్మదాబాదుల నడుమ కట్టుచున్న వేగమార్గమున కాంక్రీటు పలకలపై పట్టాలు వేయుచున్నారు. అయితే కాంక్రీటు పలకకు మొదట పెట్టుబడి ఎక్కువ. క్రిందినేల కుంగినచో సవరించుట మిక్కిలి కష్టము. కంకరదారి కుంగినచో ఎత్తి కూర్చుకొనవచ్చును. దాని శక్తియును తక్కువది కాదు. 1955 మార్చిలో ఫ్రాన్సువారు ఒక బండిని గంటకు 331 కిలోమీటర్ల వేగమున పరుగెత్తించిరి. అప్పుడా దారి వంకరటింకరగ చెదరిపోయినది. అదే ఫ్రాన్సులో 2007 ఏప్రిలు 3వ తేదీన 574.8 కిలోమీటర్ల వేగము సాధించిరి. అదియు కంకర దారిమీదనే. ఈ 52 సంవత్సరములలో మాఱినది కంకర అనెడి పదార్థము కాదు. దానిని ఎంచుట, కూర్చుట, కాపాడుట, దానిపై నడచు బండి చక్రముల కట్టుబడి. జపానులో 1964లో తెఱచిన వేగమార్గమున సెకిగహరా అను మంచుప్రాంతము కలదు. బండి అడుగున పేరుకొన్న మంచుగడ్డలు రాలి కంకరను తాకగా రాళ్లు ఎగసి బండికే తగులుచుండెను. వారచ్చట మంచుపై నీళ్లు చల్లు ఏర్పాటు చేసి ఆ బాధను తగ్గించుకొనిరి. ప్రతి దేశమును తన వానకును, ఎండకును, మంచుకును తగిన ఉపాయమును తానే వెదకికొనవలెను.

ఇక మన వానల మాట. 2005 అక్టోబరు 29వ తేదీ తెల్లవాఱుజామున, అప్పటి నల్గొండ జిల్లాలోని వలిగొండ దగ్గఱ చెఱువునీరు గండిపడి వచ్చి రైలుకట్టను కోసివేసెను. సికిందరాబాదునకు వచ్చుచున్న డెల్టా ప్యాసెంజరు బండి ఆ గండిలో పడి నూటికి మించిన జనము మరణించిరి. 2024 సెప్టెంబరు 1వ తేదీ వరదలో మహబూబాబాదు జిల్లా కేసముద్రము, ఇంటికన్నెల నడుమ కంకరయు, కట్టయు కొట్టుకొనిపోయి పట్టాలు స్లీపర్లతోసహా గాలిలో వ్రేలాడెను. ఎంత మేలిమి రాయియైనను, ఎంత యంత్రముతో కూర్చినను, కట్టయే పోయినపిదప చేయగలిగినది లేదు. కట్ట నిలుచుట చెఱువు అలుగుపైనను, వాగు దారిపైనను, కాలువ పూడికపైనను ఆధారపడియుండును. ఇవి రైలువారి చేతిలో మాత్రమే లేవు. మీ చేతిలోను ఉన్నవి.

కావున పెద్దలగు మీకు నా విన్నపములు కొన్ని. దారి ఎగువనున్న చెఱువుల కట్టలను, అలుగులను వానకాలమునకు ముందే చూచుకొనుడు. రైలుకట్ట క్రింది తూములను పొలముల చెత్తతోను, అడ్డుకట్టలతోను మూయనీయకుడు. ఒక ఎకరపు నీటికై వేసిన అడ్డు ఒక బండిని ముంచవచ్చును. ఇంటి పునాదులకును, దొడ్డి అరుగులకును దారి కంకరను తట్టలతో ఎత్తుకొనిపోవువారు కొందఱు కలరు. 1966 నాటి చట్టమునుబట్టి అది శిక్షార్హమైన నేరమన్న సంగతి ఒకటి. ఆ తట్టెడు రాళ్లు 95 టన్నుల త్రోపుడును ఆపుచున్న భుజములోనివన్న సంగతి మఱొకటి. పశువులను ఏర్పఱచిన గేటుల యొద్దనే దాటింపుడు. మంద నిత్యము ఒకేచోట దాటినచో అచ్చటి కంకర జారి, పేడయు, మట్టియు సందులను పూడ్చును. కట్టకు కోతపడుటగాని, బురద చిమ్ముటగాని, పట్టా వంకరగ తోచుటగాని చూచినచో దగ్గఱి స్టేషనులోనో, గేటుమనుష్యునితోనో వెంటనే చెప్పుడు. 139 అను సంఖ్యకు ఫోనులో చెప్పినను చెల్లును. చెప్పుటకు చదువక్కఱలేదు, కన్నుండిన చాలును.

అర్ధరాత్రి జోరున వాన కురియుచుండగా చేతిదీపముతో మీ యూరి ప్రక్కగా ఒంటరిగ నడచిపోవు మనిషిని మీరెప్పుడైనను చూచియుందురు. అతడు కంకర నిలిచియున్నదో లేదో చూచుచు పోవుచున్న దారికాపరి. బండిలో నిద్రించువారికి అతని పేరు తెలియదు. మీ యూరివారు అతనికి ఇంత చోటును, వేడినీటి చుక్కయు, పైనున్న వాగు పొంగినదన్న వార్తయు ఈయగలిగినచో, ఆ రాత్రి బండి క్షేమమున మీకును భాగము కలదని యెఱుగుడు.